చెరువెంత యనువారు తూమెంత యని యడుగరేమి?

కాగితము తగ్గినది, యంత్రము పెరిగినది. రైతు పొలము హద్దులు, వాని తండ్రి వ్రాయించిన భాగపంపిణీ దస్తావేజు, వాని కుమార్తె జనన పత్రము, న్యాయస్థానమున వాడు వేసిన దావా, ఇవన్నియు నేడు ఎక్కడనో చల్లని గదులలో, వరుసలుగా నిలిపిన ఇనుప చట్రములలో, తిరుగుడు డిస్కుల మీదను, కదలని చిప్పుల మీదను భద్రపరుపబడి యున్నవి. ఈ మార్పును మేము నిందించుట లేదు. 1998 నవంబరు 4వ తేదీన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటరు పద్ధతి ప్రవేశపెట్టబడిన తరువాత, చెదలు తిన్న వాల్యూములను తిరుగవేయుట కొంత తప్పినది. ఆ మేలును మరచుట కృతఘ్నత యగును. మా ఫిర్యాదు వేరొకటి.

ఈ యంత్రములను కొనునప్పుడు మన ప్రభుత్వ శాఖలవారును, విశ్వవిద్యాలయములవారును, ఆసుపత్రులవారును మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటే: ఎన్ని టెరాబైట్లు పట్టును? అమ్మకమునకు వచ్చినవాడును ఆ ప్రశ్నకే సమాధానము చెప్పును. ఐదువందలనగా ఐదువందలు, వేయి యనగా వేయి. పట్టు ఎంతయో తెలిసినది, ధర ఎంతయో తెలిసినది, బేరము ముగిసినది. ఆ యంత్రముల నడుమ సమాచారము ప్రవహింపవలసిన దారి వెడల్పెంత యని యడుగువాడు లేడు. అడిగినను అది టెండరు పత్రము చివర అనుబంధములోని యొక చిన్న పంక్తి. ఈ చిన్న పంక్తి మీదనే మేము నేడు వ్రాయదలచితిమి. పశ్చిమ ప్రకాశము ప్రజలకు ఈ విషయము పరాయిది కాదు. ఇంకను చెప్పవలెనన్న, ఈ సీమవారికి తెలిసినంతగా మరి యే సీమవారికిని తెలియదు.

ఏమందురా? వెలిగొండను చూడుడు. పూల సుబ్బయ్యగారి పేర వెలసిన ఆ పథకమున నల్లమల సాగరమునకు మళ్లింపదలచిన నీరు 43.5 టి.ఎం.సి. ఆ సంఖ్యను చూచి మురిసినవారు పెక్కుమంది. కాని మార్కాపురము, గిద్దలూరు, యర్రగొండపాలెము, కనిగిరి ప్రాంతముల రైతు దశాబ్దముల తరబడి అడిగిన ప్రశ్న జలాశయమును గూర్చి కాదు, సొరంగములను గూర్చి. మొదటి సొరంగము సుమారు 3 వేల క్యూసెక్కులను, రెండవది సుమారు 8,500 క్యూసెక్కులను తీసికొనిపోవలెనని ఏర్పాటు. రెండును కలిసి పారినచో దినమునకు ఇంచుమించు ఒక టి.ఎం.సి. అనగా శ్రీశైలమునకు వరద వచ్చిన నలువదియైదు దినములలో ఆ నీరంతయు సాగరమునకు చేరును. మొదటి సొరంగమొక్కటే పారినచో అదే నీరు చేరుటకు నూట అరువదియెనిమిది దినములు పట్టును. కృష్ణలో వరద అన్నినాళ్లు మనకై కాచుకొని యుండునా? సాగరము అదే, కట్ట అదే, వెచ్చించిన సొమ్ము అదే. దారి యిరుకైనచో పట్టు కేవలము కాగితము మీది అంకెగా మిగులును. ఈ లెక్క తెలిసిన రైతునకు సమాచార నిలువల లెక్క చెప్పుటకు మాకు పెద్ద ప్రయాస లేదు. చెప్పవలసినది పెద్ద జీతములు తీసికొను కొనుగోలు సంఘములవారికే.

ఇంతకును ఈ సమూహ నిలువ యననేమి? ఒక పెద్ద పెట్టెలో అన్నియు దాచుట పాత పద్ధతి. ఆ పెట్టె నిండినచో అంతకంటె పెద్దది కొనవలెను. అది చెడినచో సర్వమును నిలిచిపోవును. క్రొత్త పద్ధతిలో చిన్న యంత్రములు అనేకములు కలిసి యొక్క నిలువవలె పనిచేయును. మార్కాపురము పలకల ఊరు గనుక ఆ భాషలోనే చెప్పెదము. ఒక లెక్కను ఒక్క పలక మీద వ్రాసి దాచక, దానిని ముక్కలు చేసి పది పలకల మీద వ్రాసి పదిమంది పిల్లల చేతికిచ్చినట్లు. ఏ యిద్దరి పలకలు పగిలినను మిగిలిన యెనిమిదింటి నుండి లెక్కను మరల కూర్చుకొనవచ్చునట్లు వ్రాయు ఉపాయమును కలదు. చాల తెలివైన ఏర్పాటే. కాని ఈ తెలివికొక మూల్యమున్నది: ఆ పదిమంది పిల్లలును ఎడతెగక ఒకరితో నొకరు మాటలాడుకొనవలెను. వ్రాయునప్పుడు మాటలాడవలెను, చదువునప్పుడు మాటలాడవలెను, ఒక పలక పగిలినప్పుడు మరింత మాటలాడవలెను. ఈ లోపలి సంభాషణ నడచు దారియే మేము చెప్పు దారి. మీరు మీ చేతి ఫోనులో చూచు ఇంటర్నెట్టు వేగము వేరు, ఇది వేరు. ఈ రెంటిని కలగలిపి మాటలాడు పెద్దలు కొందరున్నారు; వారి యుపన్యాసములను విని మోసపోకుడు.

లెక్కలోనికి దిగుదము. మొదట ఒక హెచ్చరిక. డిస్కు పట్టును బైట్లలో చెప్పుదురు, దారి వేగమును బిట్లలో చెప్పుదురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఒక చోట మానికతో కొలిచి మరియొక చోట సోలతో కొలిచిన వర్తకునివలె ఈ యెనిమిదింతల తేడా చాటున ఎందరో తల దాచుకొనుచున్నారు. సెకనుకు 1 గిగాబిట్టు దారి యనగా సెకనుకు 125 మెగాబైట్లు మాత్రమే. నేడు సామాన్యముగ దొరకు పెద్ద డిస్కు 20 టెరాబైట్లది. అది చెడినదనుకొనుడు. దానిలోని సమాచారమంతయు ఒక్క 1 గిగాబిట్టు దారిని నడిపించినచో నలువదినాలుగు గంటలు పైబడును. 10 గిగాబిట్ల దారిని నాలుగున్నర గంటలు. 25 అయినచో ఒక గంట నలువదియేడు నిమిషములు. 100 అయినచో ఇరువదియేడు నిమిషములు. ఇట్టి డిస్కులు పండ్రెండు గల యంత్రమొకటి పూర్తిగ పడిపోయినదా, 240 టెరాబైట్లు కదలవలెను. దానికి 1 గిగాబిట్టు దారిని ఇరువదిరెండు దినములు, 10 దారిని ఏబదిమూడు గంటలు, 25 దారిని ఇరువదియొక గంటలు, 100 దారిని ఐదు గంటల పైచిలుకు.

ఇచట నొక వాదమును ముందుగనే ఎదుర్కొందము. సమూహమున అన్ని యంత్రములును కలిసి పనిచేయును గనుక పని పంచుకొనబడును, మీరు చెప్పినంత కాలము పట్టదు అందురు. నిజమే. కాని ఆ వాదము చేయువారు రెండవ సగమును మ్రింగుచున్నారు. ఎనిమిది ముక్కలకు రెండు రక్షణ ముక్కలు చేర్చి దాచు పద్ధతిలో, పోయిన యొక ముక్కను మరల కట్టుటకు మిగిలినవాటి నుండి ఎనిమిది ముక్కలు చదువవలెను. ఒకటి పోయిన, ఎనిమిది దారి కెక్కును. అంతేకాదు, మరమ్మతు జరుగుచున్న కాలమున ప్రజల పని నిలుచునా? అడంగలు అడుగువాడు అడుగుచునే యుండును, దస్తావేజు వేయువాడు వేయుచునే యుండును. దారి ఇరుకైనచో ఇద్దరిలో నొకరు నిలువవలెను. మరమ్మతును నిలిపితిమా, ఆ గడువులో మరి రెండు డిస్కులు పోయిన మూలమే పోవును. ప్రజలను నిలిపితిమా, కార్యాలయ ద్వారమున నిత్యము వినబడు ఆ రెండు ముక్కల మంత్రము మరల వినబడును: సర్వరు డౌను.

మూడు ప్రతులు దాచు పద్ధతి కలదు. అది సుళువైనది, కొందరకు ప్రియమైనది. అందులో గుమాస్తా ఒక్కమారు వ్రాసిన దానిని సమూహము లోపల మరి రెండుమారులు వ్రాసికొనును. అనగా బయటి దారి కంటె లోపలి దారికి రెట్టింపు బరువు. బయట 10, లోపల 10 అని సమానముగ వేసి సంతోషించిన మేధావి ఈ చిన్న హెచ్చవేతను చేసియుండలేదు.

ఇక డిస్కుల వైపు నుండి చూతము. తిరుగుడు డిస్కు ఒకటి సెకనుకు రమారమి 200 మెగాబైట్లు ఇయ్యగలదు. పండ్రెండు కలిసిన 2,400 మెగాబైట్లు. బిట్లలో 19 గిగాబిట్ల పైమాట. దీనికి 10 గిగాబిట్ల దారి వేసితిమా, డిస్కులకు పెట్టిన సొమ్ములో సగము ప్రతి నిమిషమును నిద్రించుచున్నట్లే. 25 దారి సరిగా సరిపోవును. కదలని చిప్పు డిస్కులలో నేటి మేలు రకమొకటి ఒక్కటియే సెకనుకు 7 వేల మెగాబైట్లు చదువును, అనగా 56 గిగాబిట్లు. అట్టివి పది పెట్టి 10 గిగాబిట్ల దారి తగిలించువారును మన దేశమున గలరు. కంభము చెరువు కట్టకు బోరు గొట్టమంత తూము పెట్టినట్లు! ఆ చెరువును కట్టిన విజయనగర కాలపు పెద్దలు రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేయునపుడే తూముల లెక్క చూచుకొనిరి. కనుకనే అది శతాబ్దములు నిలిచినది. కనుకనే 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని వారసత్వ కట్టడముగ గుర్తించినది. మనవారికి కంప్యూటరు భాష రాకపోయిన రాకపోవుగాక, చెరువు భాష మరచిపోవుట యేల?

ఇదంతయు ఊహాలోకపు భయమని కొట్టివేయువారికి 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియా దేశమున జరిగిన దానిని జ్ఞాపకము చేయుచున్నాము. డేజాన్ నగరమునందలి ఆ దేశ ప్రభుత్వ సమాచార కేంద్రమున లిథియం బ్యాటరీలకు మంట లంటుకొన్నవి. వందలకొలది ప్రభుత్వ సేవలు నిలిచిపోయినవి. అందరికంటె దీనగతి పొందినది ప్రభుత్వోద్యోగులు తమ పత్రములను దాచుకొను జి-డ్రైవు అను నిలువ. దానిలో 858 టెరాబైట్ల సమాచారము దగ్ధమైపోయినది. రెండవ ప్రతి మరియొక చోట లేదు. ఏల లేదు? పట్టు చాల పెద్దది గనుక ప్రతి యెత్తుట సాధ్యపడలేదని సమాధానము! ప్రపంచమున అత్యంత వేగవంతమైన ఇంటర్నెట్టు గల దేశములలో నొకటియని పేరుపొందిన దేశపు సమాధానమిది. 858 టెరాబైట్లు 1 గిగాబిట్టు దారిని డెబ్బదితొమ్మిది దినములు పట్టును. ఒప్పుకొందము, అది కష్టమే. 10 దారిని ఎనిమిది దినములు. 25 దారిని మూడు దినముల పైన నాలుగు గంటలు. 100 దారిని పందొమ్మిది గంటలు. మొదటి ప్రతి ఎత్తిన తరువాత ప్రతిదినమును మారినంత మేరకే పంపవలెను గదా! కాబట్టి అసాధ్యమైనది పని కాదు. పట్టును కొన్ననాడే దారిని కొనలేదు, అంతే. మన రాష్ట్రమున, మన దేశమున, ఇట్టి సమాధానము సిద్ధముగ పెట్టుకొని కూర్చున్న నిలువలు ఎన్ని యున్నవో ఎవరైన లెక్క చూచిరా?

ఇప్పుడు దారులలో ఏది మేలను ప్రశ్న. ఇచట అమ్మకగాండ్ర మాయలు పెక్కు గనుక కొంచెము నిదానించి చెప్పెదము.

ఈథర్నెట్టు అను పద్ధతి 1973లో అమెరికాలో జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున రాబర్టు మెట్కాఫ్ ప్రభృతుల చేత పుట్టినది. నాడు దాని వేగము సెకనుకు 3 మెగాబిట్లకు లోపు. 1998లో 1 గిగాబిట్టు, 2002లో 10, 2010లో 40 మరియు 100, 2016లో 25, 2017లో 200 మరియు 400, 2024లో 800 గిగాబిట్ల ప్రమాణములు వెలువడినవి. 25 అనునది 100 తరువాత వచ్చుట పాఠకులకు వింతగ తోచవచ్చును. దాని మర్మమిది. 40 గిగాబిట్ల దారి యనునది నిజముగ ఒక్క దారి కాదు. 10 గిగాబిట్ల బాటలు నాలుగింటిని పెనవేసినది. 100 యనునది 25 గిగాబిట్ల బాటలు నాలుగింటిని పెనవేసినది. ఆ 25 బాటలలో ఒక్కదానిని విడిగ తీసికొనిన చౌకగ రెండున్నర రెట్ల వేగము దొరకునుగదా యని 2014లో గూగులు, మైక్రోసాఫ్టు మొదలగు సంస్థలు కొన్ని కూడి ఆలోచించినవి; రెండేండ్లలో అది ప్రమాణమైనది. గుంటూరు నుండి మన నల్లమల మీదుగ గుంతకల్లు పోవు రైలు దారి మీటరు గేజిగ నుండి, 1990వ దశకమున బ్రాడు గేజిగ మారినప్పుడు మనకు కలిగిన మేలు వంటిదే ఇది: పట్టాలు నాలుగు వరుసలు వేయకయే పెద్ద బండి నడచినది.

కాబట్టి నేడు 40 గిగాబిట్ల సామగ్రిని చౌకయని చెప్పి కట్టబెట్టజూచువాడు, బ్రాడు గేజి వచ్చిన తరువాత మీటరు గేజి ఇంజనులను తగ్గింపు ధరకు అమ్మువాని వంటివాడు. 10 గిగాబిట్లను కొనువాడు ఇంకను క్షమార్హుడు. చిన్న కళాశాలకో, ఒక పట్టణపు ఆసుపత్రికో అది చాలవచ్చును. లోకమున విరివిగ వాడబడుచున్న సెఫ్ అను స్వేచ్ఛా నిలువ సాఫ్టువేరును వ్రాసినవారే తమ సూచనలలో కనీసము 10 గిగాబిట్లు ఉండవలెనని చెప్పుచున్నారు. కనీసమనగా కనీసమే, మనవారు దానిని గరిష్ఠమని చదువుకొనుచున్నారు! 25 గిగాబిట్ల రంధ్రము గల స్విచ్చిలో 10 గిగాబిట్ల మాడ్యూలును సాధారణముగ పెట్టవచ్చును. అనగా నేడు 25 స్విచ్చిని కొని, పాత యంత్రములను 10 తోనే నడిపి, క్రొత్తవి వచ్చినకొలది వేగము పెంచుకొనవచ్చును. ఇంత సులభమైన మార్గముండగా, ప్రజల సొమ్ముతో ఐదారేండ్లు నిలువవలసిన యంత్రమునకు 10 దారినే శాసించుట పొదుపు కాదు. అది రేపటి ఖర్చును నేటి పద్దులో కనబడకుండ దాచుట.

మరియొక పక్షమున్నది. వీరికి 10 చాలదు, 25 చాలదు, 100 కూడ చాలదు. ఇన్ఫినిబ్యాండు కావలెనందురు, 400 కావలెనందురు. వారి చేతిలో మెరుగు కాగితపు పుస్తకములుండును. ఇన్ఫినిబ్యాండు మంచిది కాదని మేమనము. జవాబు వచ్చుటకు పట్టు ఆలస్యము దానిలో చాల తక్కువ. వేలకొలది యంత్రములు ఒక్క గణితమును పంచుకొని చేయుచోట అది రాజు. అమెరికాలోని సియాటిలున 2001లో సుజల్ పటేల్, పాల్ మైకెసెల్ స్థాపించిన ఐసిలాన్ అను సమూహ నిలువల సంస్థ కూడ చాలకాలము లోపలి దారికి ఇన్ఫినిబ్యాండునే వాడినది. కాని ఆ సంస్థను 2010లో ఇ.ఎం.సి. కొనిన పిదప, 2017 నాటి తరపు యంత్రములతో అదియును ఈథర్నెట్టు వైపు ద్వారము తెరచినది. కారణము స్పష్టము. ఈథర్నెట్టు సామగ్రి పదిమంది చేయుదురు, పదిమంది అమ్ముదురు, ప్రతి పట్టణమున దానిని బాగుచేయ నేర్చిన యువకుడు దొరకును. ఇన్ఫినిబ్యాండు సామగ్రి ప్రధానముగ మెలనాక్సు అను ఒక్క సంస్థది. ఆ సంస్థను 2020లో ఎన్విడియా కొనివేసినది. ఒక్క అంగడి మీద ఆధారపడినవానికి బేరమాడు హక్కు ఎక్కడిది? పరదేశపు ఒకే గుమ్మము ముందు చేయి చాచి నిలుచుట ఎట్టిదో ఈ దేశమునకు క్రొత్తగ చెప్పవలసిన పని లేదు. భూమి రికార్డులకును, న్యాయస్థానపు కట్టలకును ఇన్ఫినిబ్యాండు అవసరము లేదు. ప్రతి యంత్రమునకు 25 గిగాబిట్ల తీగలు రెండు, ఒకటి తెగిన రెండవది నిలుచునట్లు. స్విచ్చిల నడుమ 100 గిగాబిట్లు. ఇది నేటికి సముచితమని మా దృఢాభిప్రాయము. చిప్పు డిస్కులతో నిండిన యంత్రములైనచో వానికి 100 నేరుగ ఇయ్యవలసినదే.

స్విచ్చిల నడుమ అంటిమి. ఇచ్చట నొక మోసము గలదు, దానిని చెప్పక విడువరాదు. నలువదియెనిమిది 25 గిగాబిట్ల రంధ్రములు గల స్విచ్చి యనగా లోపలికి 1,200 గిగాబిట్లు. దాని నుండి పైకి పోవు దారులు 100 వి నాలుగే యైనచో 400. మూడింట రెండు వంతులు వాకిట నిలువవలసినదే. చెన్నకేశవస్వామి రథోత్సవము నాడు నాలుగు వీధుల జనమును ఒక్క సందులోనికి తోలినట్లు. అమ్మకగాడు 25 అని చెప్పినది అబద్ధము కాదు. పూర్తి సత్యమును కాదు. న్యాయవాద వృత్తిలో మేము ఇట్టి సాక్షులను చాలమందిని చూచియున్నాము.

ఇంతవరకు విన్న గిద్దలూరు మిత్రుడొకడు మమ్ము నిలదీయవచ్చును. అయ్యా, నాకు కావలసిన 1-బి కాగితము కొన్ని కిలోబైట్లు గదా, దానికి 100 గిగాబిట్లేల? మీ లోపలి దారి ఎంత వెడల్పైన నేమి, మా ఊరికి వచ్చు తీగ తెగినచో? ఈ ప్రశ్న న్యాయమైనది. ఒక్క కాగితమునకు వెడల్పు దారి అక్కరలేదు. అతడు కార్యాలయమున గంట సేపు నిలుచుటకు కారణము అనేక పర్యాయములు లోపలి దారి కాదు. కరెంటు కావచ్చును, సాఫ్టువేరు కావచ్చును, తీగ కావచ్చును. కాని ఒక్క కాగితము అడుగువాడు ఒక్కడు కాడు. రాష్ట్రమంతటి కార్యాలయములు ఒకే వేళ తెరచుకొనును; ఒకే పది గంటలకు అందరును అడుగుదురు. అంతేకాక నేటి రికార్డు అక్షరములతో పోలేదు. 2020 డిసెంబరున మొదలైన భూముల రీసర్వేలో డ్రోనులతో తీసిన చిత్రములున్నవి. అవి కిలోబైట్లు కావు. 2023 సెప్టెంబరు 13న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ఈ-కోర్టుల మూడవ దశకు 7,210 కోట్ల రూపాయలు. అందులో పాత కేసుల కట్టలను చిత్రములుగ మార్చుటకే 2,038 కోట్ల పైచిలుకు. అట్టి కోట్లకొలది పుటలు ఎక్కడనో నిలువయై, ఎవరో అడిగినపుడెల్ల బయటికి రావలెను.

ఊరి తీగ మాటకు వచ్చినచో, మిత్రునితో మేమును గొంతు కలుపుదుము. కరెంటు స్తంభముల మీదుగ దాదాపు 23 వేల కిలోమీటర్ల ఫైబరు తీగ లాగి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతిచే ఆరంభింపజేసిన రాష్ట్రమిది. స్తంభము మీది తీగ చౌక, నిజమే. గాలివానకు లొంగుటయు నిజమే. నల్లమల అంచు మండలములకు ఒకే తీగ గాక రెండవ తోవ వేరు దిక్కు నుండి రావలెనని మేము కోరుచున్నాము. 2025 అక్టోబరు 14న విశాఖపట్టణమునకు గూగులు సంస్థ ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో మహాకేంద్రమును నిర్మించునని ప్రకటించినపుడు మేమును సంతోషించితిమి. సముద్రము క్రింద తీగలు వేయగల కాలమున రాచర్ల, కొమరోలు, అర్ధవీడు మండలములకు రెండవ తీగ వేయుట అసాధ్యమని చెప్పిన మాత్రము ఊరకుండజాలము. అయినను ఒకటి చెప్పవలసియున్నది. ఊరి తీగ తెగిన, దినమో రెండు దినములో ఇబ్బంది. తీగ అతికింప వచ్చును. నిలువలో మరమ్మతు సకాలమున కాక మూలమే పోయిన, అతికించుటకు ఏమి మిగులును?

ఈ భయము మా వృత్తి నుండి వచ్చినది. ఈ సీమ రికార్డులు చేసిన ప్రయాణమును తలచుకొనుడు. మార్కాపురము, గిద్దలూరు ఒకనాడు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు ఇటు వచ్చినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు వచ్చినది. 2025వ సంవత్సరము ముగియుచుండగా మార్కాపురము కేంద్రముగ క్రొత్త జిల్లా యేర్పడినది. జిల్లా మారినపుడెల్ల కట్టలు బండ్లెక్కినవి. తాతలనాటి హక్కును రుజువు చేయవలసిన కక్షిదారు నేటికిని కర్నూలు వైపు చూడవలసిన సందర్భములున్నవి. ఆ కట్టలు ఎక్కడనో, నలిగియో చినిగియో, ఉన్నవి. వెదకిన దొరకును. యంత్రమున నిలిచిన దానికి ఆ గుణము లేదు, పోయిన పోయినదే. భూహక్కు చట్టమును గూర్చి 2023, 2024 సంవత్సరములలో రాష్ట్రమంతట న్యాయవాదులు ఆందోళన చేసినపుడు, తరువాత 2024లోనే ఆ చట్టము రద్దయినపుడు, చర్చ అంతయు రిజిస్టరులో ఎవరు వ్రాయుదురు, ఎవరు తీర్పు చెప్పుదురు అను దాని మీదనే నడచినది. రిజిస్టరు ఏ యంత్రమున నుండును, ఆ యంత్రము చెడిన ఎన్ని గంటలలో మరల నిలుచును అని అడిగినవారు మాకు కనబడలేదు.

క్రొత్త జిల్లా కార్యాలయములకు, న్యాయస్థానములకు, ఆసుపత్రులకు సామగ్రి కొనవలసిన కాలమిది. అది మార్కాపురముననే యుండునో, రాష్ట్ర కేంద్రమున నుండునో, మాకు పట్టింపు లేదు. కాని కొనుగోలు పత్రమున టెరాబైట్ల ప్రక్కనే గిగాబిట్లు వ్రాయవలెను. ఒక యంత్రము పూర్తిగ పడిపోయిన, ప్రజల పని నడచుచుండగనే, ఎన్ని గంటలలో నిలువ మరల సంపూర్ణమగునో వ్రాయవలెను. అమ్మకగాడు దానిని మాటతో కాక మన యెదుట యంత్రమొకటి నిజముగ ఆపి చూపవలెను. చూపలేనివానికి సొమ్ము ఇయ్యరాదు. రెండవ ప్రతి భూకంప, తుపానుల భయమున వేరు ఊర నుండవలెను, ఆ ఊరికి పోవు దారి వెడల్పు కూడ అదే పత్రమున నుండవలెను. స్విచ్చి ఒకనిది, మాడ్యూలు మరియొకనిది యైనను పనిచేయవలెనను షరతు వ్రాయవలెను. లేనియెడల చిన్న మాడ్యూలు కొరకు పెద్ద అంగడికి జీవితకాలము కప్పము గట్టవలసివచ్చును.

వీరు తమంతట వ్రాయుదురని మేము కాచుకొని కూర్చుండుట లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము మన చేతిలో నున్నది. రుసుము పది రూపాయలకు మించదు; ముప్పది దినములలో జవాబు రావలెను. మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి న్యాయవాద సంఘములవారిలో ఏ యువకుడైనను ఈ వారమే ఒక దరఖాస్తు వ్రాయవచ్చును. మా ప్రాంతపు రిజిస్ట్రేషను, రెవెన్యూ రికార్డులు నిలిచియున్న సమూహమున యంత్రముల నడుమ దారి వేగమెంత? గడచిన మూడేండ్లలో ఎన్ని డిస్కులు మార్చితిరి, ఒక్కొక్క మారు మరమ్మతుకు ఎన్ని గంటలు పట్టినవి? రెండవ ప్రతి ఎన్నడు సరిచూచితిరి? యంత్రముల చిరునామాలు, తాళపు మాటలు మాకు అక్కరలేదు. రక్షణ రహస్యమని 8వ సెక్షను చూపి తలుపు వేయజూచినచో, చెప్పదగిన భాగమును విడదీసి చెప్పవలెనను 10వ సెక్షను చూపి మొదటి అప్పీలు వేయవలెను. దానికి మరల ముప్పది దినముల గడువు కలదు. వచ్చిన జవాబులను ఈ పత్రికకు పంపినచో, అనుకూలమైనను ప్రతికూలమైనను, అంకెలతో సహా ప్రకటించెదము.